రెండు పార్టీల తువ్వాల

ఆ రోజు చెన్నకేశవ ఇంట్లో పంతొమ్మిది మంది ఉన్నారు.

నడవలో తూర్పు గోడ పక్కన పైవీధి నారాయణ, ఆయన మనుషులు ఆరుగురు. పడమటి గోడ పక్కన కిందివీధి పుల్లన్న, ఆయన మనుషులు ఆరుగురు. మధ్యలో మంచం మీద చెన్నకేశవ తాత. వంటింట్లో అవ్వ సుంకులమ్మ, అమ్మ. వంటింటి గడప మీద ఐదేళ్ళ చౌడి. పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర, భుజాన తువ్వాల వేసుకుని, తల వంచుకుని పదేళ్ళ ఈశ్వరి. దొడ్డిలో గొర్రెపిల్లలు కూడా ఉన్నాయి గానీ, అవి ఏ పార్టీవీ కావు కాబట్టి వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు.

కొట్టాలపల్లెలో ఏ పార్టీకీ చెందని ఇల్లు అదొక్కటే. తాత గొర్రెల మంద ఈ ఏడు నారాయణ చేలో పడుకుంటే, వచ్చే ఏడు పుల్లన్న చేలో పడుకుంటుంది. ఎరువు ఇద్దరికీ కావాలి. అందుకే తాత పిలిస్తే ఇద్దరూ వచ్చారు.

పోయిన ఎన్నికలప్పుడు జెండా కట్టె దగ్గర మొదలైన గొడవ ఊరిని రెండుగా చీల్చింది. ఎవరో విసిరిన రాయి బస్సు అద్దానికి తగిలింది. అప్పటి నుంచి ప్రొద్దుటూరు బస్సు ఊళ్ళోకి రావడం మానేసి, రెండు మైళ్ళ అవతల రోడ్డు మీదే ఆగిపోతోంది. రెండు వీధులు కలిసే చోట ముళ్ళకంప అడ్డం పడింది. ఈ రోజు రాజీ కుదిరితే కంప తీసేస్తారు. వారంలో బస్సు వస్తుంది.

ఈశ్వరికి ఆ బస్సే కావాలి. "మొదటి బస్సులో నిన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి ప్రొద్దుటూరు తీసకపోతా," అని తాత మాట ఇచ్చాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఏడాది దాటింది.

అయితే ఆ ఉదయం లేచేసరికి ఈశ్వరి ఎడమ కన్ను తెరుచుకోలేదు. రెప్పలు అంటుకుపోయాయి. నీళ్ళతో తడిపి తెరిస్తే కన్ను ఎర్రగా ఉంది. లోపల ఇసుక పోసినట్టు గరగర.

కండ్లకలక!

అవ్వ చూసిందంటే మూలగదిలో కూర్చోబెట్టి తలుపు మూసేస్తుంది. ఇక బస్సు లేదు, కిటికీ లేదు.

ఈశ్వరి శానాసేపు ఆలోచించింది. కండ్లకలక ఉన్నవాళ్ళు చూస్తే ఎదుటివాళ్ళకు అంటుకుంటుందని ఊరంతా అంటుంది కదా. అయితే ఎవరినీ చూడకుండా ఉంటే సరి! అప్పుడు ఎవరికీ రాదు. ఎవరికీ తెలియదు కూడా.

అలా ఆమె పొద్దున్నుంచి ఎవరి ముఖమూ చూడలేదు. అవ్వ పిలిస్తే నేలను చూస్తూ పలికింది. అమ్మ గిన్నె ఇస్తే గిన్నెనే చూసింది. మాటిమాటికీ కారుతున్న కంటిని మాత్రం భుజం మీది తువ్వాలతో అద్దుకుంటూ ఉంది.

"ఈశ్వరీ, నీళ్ళు తేమ్మా!" తాత కేకేశాడు.

రాజీకి కూర్చునే ముందు తాతకొక పద్ధతి ఉంది. రెండు పక్షాల వాళ్ళూ ఒకే చెంబు నీళ్ళతో ముఖం కడుక్కోవాలి. ఒకే తువ్వాలతో తుడుచుకోవాలి. నీ మీద నాకు అనుమానం లేదు అని నోటితో చెప్పలేని వాళ్ళు, అలా చేసి చూపించాలన్నమాట.

ఈశ్వరి చెంబు, తువ్వాల తెచ్చింది. నారాయణ ముఖం కడుక్కుని తువ్వాలతో గట్టిగా రుద్దుకున్నాడు. కళ్ళు, మీసాలు, చెవులు అన్నీ. తర్వాత అదే తువ్వాల పుల్లన్న చేతికి ఇచ్చాడు. పుల్లన్న కాసేపు దాన్ని చూసి, తనూ రుద్దుకున్నాడు. ఆపై వాళ్ళ మనుషులు. చివరికి తాత.

"చూడప్పా, పిల్ల తల ఎత్తల్యా. ఎంత మర్యాద!" అన్నాడు నారాయణ.

"మా ఇంట్లో పిల్లోళ్ళు మనిషి మొగం మీదికే వస్తారు," అన్నాడు పుల్లన్న.

ఏడాదిలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడింది అదే మొదటిసారి. ఈశ్వరికి గర్వంగా అనిపించింది. తల ఇంకాస్త వంచుకుంది.

సాయంత్రానికి రాజీ కుదిరింది. ముళ్ళకంప తీసేశారు.

*

మూడో రోజు పొద్దున పైవీధిలో ఒక అరుపు వినపడింది.

"నా కండ్లు! నా కండ్లలో జిల్లేడు పాలు పోసినారు!"

అది నారాయణ గొంతు. ఆయన కళ్ళు రెండూ పండు మిరపకాయల్లా ఉన్నాయి. "ఆ తువ్వాలకు ఏందో పూసినారు! పుల్లన్న చేసిన పనే ఇది!"

అదే సమయానికి కిందివీధిలో పుల్లన్న మంచం మీద కూర్చుని కళ్ళు నలుపుకుంటున్నాడు. "నారాయణ ముందర తుడుచుకోని, మిరప్పొడి రాసి నాకిచ్చినాడు. నేను ఎర్రోణ్ణి, నమ్మినాను!"

"ఆయప్పకు గూడా ఎర్రగా ఉండాయంట అన్నా," అన్నాడు ఒక మనిషి.

"అవి ఉత్త నాటకాలు! ఉల్లిగడ్డ పిండుకోని ఉంటాడు!"

మధ్యాహ్నానికి రెండు వీధుల్లోనూ తొమ్మిది మందికి కళ్ళు ఎర్రబడ్డాయి. పక్కకు పారేసిన ముళ్ళకంపను పైవీధివాళ్ళు మళ్ళీ ఈడ్చుకొచ్చారు. కిందివీధివాళ్ళూ తమ వంతు కంప తెచ్చారు. ఒకటికి రెండు కంపలు అయ్యాయి.

తాత అరుగు మీద కూలబడ్డాడు. ఆయన కళ్ళ నుంచీ నీళ్ళు కారి నేల మీద పడుతున్నాయి. కలక వల్లనో, బాధ వల్లనో ఈశ్వరికి తెలియలేదు.

"నా పద్ధతిలో యాడో తప్పు జరిగింది," అన్నాడు తాత. "ఇంగ నా మాట ఎవురు వింటారు?"

అప్పుడే నర్సమ్మ బిస్మిల్లా బీ వచ్చింది. ఆమె పిల్లలకు టీకాలు వేయడానికి నెలకొకసారి జమ్మలమడుగు నుంచి వస్తుంది. బస్సు రాకపోవడంతో రెండు మైళ్ళూ నడిచి, చెప్పులు చేత పట్టుకుని వచ్చింది.

దారిలో రెండు వీధుల కేకలూ వింటూ వచ్చిన ఆమెకు, తాత కళ్ళు చూడగానే అర్థమైంది.

"జిల్లేడు పాలూ కాదు, మిరప్పొడీ కాదు పెద్దాయనా. ఇది కండ్లకలక. ఈ ఇంట్లో ముందు ఎవురికొచ్చింది?"

అవ్వ, అమ్మ ఒకరినొకరు చూసుకున్నారు. ఈశ్వరి నేలను చూసింది.

"ఎవురికీ రాలేదమ్మా," అంది అవ్వ. "వచ్చినోళ్ళు మమ్మల్ని చూసి ఉంటే గదా, మాకొచ్చేది."

నర్సమ్మ నవ్వింది. "చూస్తే యాడొస్తాది సుంకులమ్మా? అట్లయితే నాకు దినానికి పదిసార్లు రావాల! ఇది చూపుతో రాదు, చేత్తో వస్తాది. కన్ను నలుపుకున్న చెయ్యి దేన్ని ముట్టుకుంటే దానికి అంటుకుంటాది. దాన్ని ఇంగొకరు ముట్టుకోని వాళ్ళ కన్ను నలుపుకుంటే, వాళ్ళకొస్తాది. దిండు గుడ్డ, చీర కొంగు..." ఆమె చుట్టూ చూసి, దండెం మీదికి వేలు చూపించింది. "ఇదో, ఇట్లాంటి తువ్వాల."

దండెం మీద ఆ తువ్వాలే ఆరుతోంది.

ఈశ్వరి దాని వైపు చూసింది. తను ఎవరినీ చూడలేదు. అంత జాగ్రత్తగా, మూడు రోజులు మెడ నొప్పి పుట్టేదాకా ఎవరినీ చూడలేదు. కానీ ఆ తువ్వాలతో కన్ను తుడుచుకుంది. ఎన్నిసార్లో!

బయట కేకలు పెద్దవవుతున్నాయి. "కట్టెలు తేండి!" అని ఎవరో అరిచారు.

చెప్తే తాత ఏమంటాడు? బస్సు సంగతి అటుంచు, ఊరు ఊరంతా తన మీద పడితే? ఈశ్వరి వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. పొయ్యి పక్కన చౌడి బొమ్మ కుండలో అన్నం వండుతోంది.

"అక్కా, నీ కన్ను ఎందుకు అట్లుంది?" అంది చౌడి.

మూడు రోజుల్లో ఆ మాట అడిగింది చౌడి ఒక్కతే. తక్కువ ఎత్తులో ఉంటుంది కదా, వంచిన తల కింది నుంచి కనపడుతుంది.

ఈశ్వరి దండెం మీది తువ్వాలను ఒక కట్టెతో తీసుకుని వీధిలోకి పరుగెత్తింది.

*

కంపకు ఆ పక్క పుల్లన్న, ఈ పక్క నారాయణ. ఎర్ర కళ్ళు ఎర్ర కళ్ళను చూస్తున్నాయి. వెనకాల మనుషులు, వాళ్ళ చేతుల్లో కట్టెలు.

వాళ్ళ మధ్యకు, జెండాలా కట్టె చివర తువ్వాల వేలాడేసుకుని ఒక పిల్ల వచ్చి నిలబడింది. అందరూ ఆగిపోయారు. అది ఏ పార్టీ జెండానో ఎవరికీ అర్థం కాలేదు.

"ఏంది పాపా, ఇంటికి పో!" అన్నాడు నారాయణ.

ఈశ్వరికి తల వంచుకోవాలనిపించింది. కానీ ఈసారి వంచుకోలేదు. తల ఎత్తి, ఎడమ కన్ను పెద్దగా తెరిచి ఆయనకు చూపించింది. తర్వాత తిరిగి పుల్లన్నకు చూపించింది.

"ముందు నాకొచ్చింది," అంది. "రాజీ పొద్దున్నే వచ్చింది. చెప్తే బస్సెక్కనియ్యరని చెప్పల్యా. ఈ తువ్వాలతో కన్ను తుడుచుకున్నా. దాన్నే మీకిచ్చినా. జిల్లేడు పాలు ఎవురూ పూయల్యా మామా. మిరప్పొడీ రాయల్యా. అంతా నేనే."

పక్కనున్న చెట్టు కొమ్మ మీద ఒక కాకి రెండు పార్టీలకూ వినపడేలా అరిచింది.

పుల్లన్న కట్టె కింద పెట్టాడు. ఆయన భుజాలు కదిలాయి. ముందు ఏడుస్తున్నాడేమో అనుకున్నారు.

"నారాయణా!" అన్నాడు పుల్లన్న నవ్వు ఆపుకోలేక. "ఏడాది పొడుగునా కొట్టుకున్నా నువ్వు నన్ను మంచంలో పడేయల్యా, నేను నిన్ను పడేయల్యా. ఈ పిల్ల చూడప్పా, ఒక్క తువ్వాలతో రెండు పార్టీలనూ పడేసింది!"

నారాయణ నవ్వకూడదని మీసం మెలేసుకున్నాడు. ఆ మీసం కిందే నవ్వు బయటపడింది.

"మర్యాదగల పిల్లంటిమి గదా, అందుకే," అన్నాడు.

తాత, నర్సమ్మ వెనకాలే వచ్చారు. తాత ఈశ్వరి తల నిమరబోయాడు.

"చెయ్యి!" అని అరిచింది నర్సమ్మ. తాత చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

*

ఆ తర్వాత ఊరు నర్సమ్మ పార్టీ అయిపోయింది.

ఆమె అందరికీ ఎవరి చుక్కల మందు వాళ్ళకే ఇచ్చింది. ఎవరి తువ్వాల వాళ్ళదే, ఎవరి దిండు వాళ్ళదే అంది. ఇంట్లో పిల్లలకు దూరంగా ఉండమంది. పెద్దల కోసం తాత ఊరి బయట ఉన్న గొర్రెల కొట్టం ఊడ్చి ఇచ్చాడు. నారాయణ, పుల్లన్న, ఇంకో ఏడుగురు ఎవరి తువ్వాల వాళ్ళు భుజాన వేసుకుని అక్కడికి చేరారు. మొదటి రోజు తూర్పు గోడ, పడమటి గోడ పట్టుకుని కూర్చున్నారు. రెండో రోజు పుల్లన్న నేల మీద గీతలు గీసి పులి-మేక ఆట మొదలుపెట్టాడు. ఒక్కడే ఎంతసేపని ఆడతాడు? మూడో రోజుకు నారాయణ మేకల వైపు ఉన్నాడు.

ప్రతి ఆటకూ ముందు, వెనక అవ్వ సబ్బు పట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. "చేతులు! నారాయణా, ఆ గోళ్ళ సందులు ఎవురు కడగాల, నీ ఎగస్పార్టీనా?"

తాత పద్ధతి కూడా కొంచెం మారింది. ఇక ముందు రాజీకి ఒకే చెంబు, ఒకే సబ్బు. తువ్వాల మాత్రం ఎవరింటి నుంచి వాళ్ళు తెచ్చుకోవాలి.

ఈశ్వరి మూలగదిలో ఉంది. ఆమెను ఎవరూ కూర్చోబెట్టలేదు. చాప, చెంబు, గుడ్డ తీసుకుని తనే వెళ్ళి కూర్చుంది.

ఐదో రోజు బస్సు వస్తుందని కబురొచ్చింది. ఆ పొద్దుటికి ఈశ్వరి ఎడమ కన్ను తెల్లగా అయింది. కానీ కుడి కంట్లో సన్నగా ఎరుపు దిగింది. తాతకూ ఇంకా తగ్గలేదు. చౌడిని తీసుకుని అమ్మే బయల్దేరింది.

అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కూతురిని చూసింది. ఆమెకు మనసు ఒప్పలేదు.

"రామ్మా ఈశ్వరీ. రవ్వంతే గదా ఉండేది. తల వంచుకోని కూర్చో, ఎవురూ కనుక్కోరులే."

ఈశ్వరికి బస్సు కిటికీ గుర్తొచ్చింది. ముఖానికి కొట్టే గాలి గుర్తొచ్చింది. తర్వాత సీటు ముందుండే ఇనప కమ్మీ గుర్తొచ్చింది. ప్రొద్దుటూరు దాకా ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అందరూ పట్టుకునేది ఆ కమ్మీనే.

"వద్దుమా. ఇంగోసారి పోతాలే," అంది.

ఊరి చివర హారన్ మోగింది. పైవీధి పిల్లలూ కిందివీధి పిల్లలూ ఒకే వైపు పరుగెత్తే చప్పుడు వినిపించింది. చౌడి కొత్త గౌను వేసుకుని, గాజులు గలగలలాడిస్తూ మూలగదిలోకి దూసుకురాబోయింది.

"అక్కా, నా గాజులు ముట్టుకోని చూడు!"

"ఆడే ఆగు! నాకు ఈడి నుంచే బాగా కనపడతాండాయి. శానా బాగుండాయి. నువ్వు కిటికీ పక్కన కూర్చో. ఏమేం చూసినావో వచ్చినాక అన్నీ చెప్పాల, సరేనా?"

చౌడి తలూపింది. "నేను పోతే నువ్వు ఏడుస్తావా?"

"ఏడ్సను. ఏడిస్తే కండ్లు తుడుచుకోవాల. మళ్ళా లేసి చేతులు కడుక్కోవాల. ఎవురు పడతారు ఆ బాధ!"

చౌడి కిలకిలా నవ్వింది. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి దగ్గరగా.

"పో, బస్సు వచ్చేసింది," అంది ఈశ్వరి. "తలుపు వేసి పో."

చౌడి చిన్న చేతులు రెండూ పెట్టి, బలమంతా ఉపయోగించి, అక్క ముఖం మీద తలుపు మూసింది.