గుండ్లేటి వంతెన దూలం

"మా ఆయన్ని పట్కపోయిండ్రు అక్కా! వంతెనను ఆయన కోస్తడా?"

భూపాలపల్లిలో డిటెక్టివ్ రుక్మిణి ఆఫీసు గడపలోనే హాజిరా బీ కూలబడిపోయింది. అసిస్టెంట్ నితిన్ గబగబా మంచినీళ్లు అందించాడు. ఆమెను తీసుకొచ్చిన ఆటో డ్రైవర్ తావుర్యా కిరాయి అడగకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

గుండ్లేటి మీద టేకు దూలాలను త్రికోణాలుగా బిగించి కట్టిన పాతకాలపు వంతెన అది. హాజిరా బీ భర్త రజాక్ దానికి కాపలాదారు, వడ్రంగి కూడా. నిన్న పొద్దున అడుగున ఒక దూలం సగానికి కోసి ఉంది. రజాక్ రంపం ఏట్లో దొరికింది. వంతెన తీసేసి కొత్తది కడతారని విన్నప్పుడు, "మీరెందుకు, నేనే కూలగొడ్త" అని అతను అందరి ముందూ అరిచాడట. ఎస్ఐకి ఇంకేం కావాలి?

"కోపంల అన్న మాట. దాన్ని బిడ్డ లెక్క చూసుకున్నడు."

"రంపం ఎక్కడుంటది?"

"గుడిసెలనే. తాళమే వెయ్యం. తావుర్యా అసొంటోళ్లు రోజూ వచ్చి చాయ్ తాగుతరు."

అదే ఆటోలో వంతెన దగ్గరికి వెళ్లారు. పైనుంచి ఎంత వంగి చూసినా నితిన్‌కి ఏమీ కనబడలేదు. ఏట్లోకి దిగి ప్యాంటంతా బురద చేసుకున్నాకే కోత కనబడింది.

నిన్న పొద్దున మొదటి ఆటోలో, అంటే తావుర్యా బండిలో, వచ్చిన చంద్రి అనే ఆమెను రుక్మిణి పక్కకు పిలిచింది.

"రోజూ ఆడోళ్లమంత గిక్కడ దిగి ముందు నడిచి దాటుతం అక్కా, వెనక కాలీ ఆటో వస్తది. మా తాతల కాడికెళ్లి గదే రివాజు. నిన్న తావుర్యా దిగనియ్యలే. దూలం కోసిండ్రు, ఎవ్వలు పోవద్దని సీటు మీదికెళ్లే ఒర్రిండు."

"ఇసుక లారీల వెంకట్రాజం పనే మేడం," అన్నాడు నితిన్ ధీమాగా. "కొత్త వంతెన కోసం తిరుగుతున్నది ఆయనే."

"కోరుకున్నోళ్లంత కోస్తే ఇది ఎప్పుడో కూలిపోతుండె," అని నవ్వింది రుక్మిణి.

మధ్యాహ్నం అందరినీ వంతెన దగ్గరికి పిలిపించింది. వెంకట్రాజం వచ్చాడు. ఎస్ఐ రజాక్‌ను బేడీలతో తీసుకొచ్చాడు.

"ఏట్లకు దిగితే గాని కనబడని కోత సీటు మీద కూసున్నోనికి ఎట్ల తెలిసింది సార్?" అంది రుక్మిణి. "రోజూ ఆడోళ్లను ముందు నడిపించేటోడు నిన్న కాలే పెట్టనియ్యలే. గాళ్ల మీది పావురం, గా ప్రేమనే నిన్ను పట్టిచ్చింది, తావుర్యా."

తావుర్యా నేల మీద కూర్చుండిపోయాడు.

"లారీలు పోతుంటె వంతెన ఊగుతుండె. గీ సేటును మొక్కిన, దఫ్తర్ల మొక్కిన, ఎవ్వలు వినలే. దూలం కోస్తెనన్న లారీలు బంద్ పెడ్తరనుకున్న. పొద్దుగాల మొదటి బండి నాదే, ఆపుకుంటననుకున్న. రజాకన్నను పట్కపోతరని అనుకోలే. చెప్దమంటె నోరు రాలే."

వెంకట్రాజం తల దించుకున్నాడు. తావుర్యాను చూస్తుంటే నితిన్‌కి ఏడుపొచ్చింది. దొంగ దొరికినందుకు ఇంత బాధపడటం అతనికి ఇదే మొదలు.

ఎస్ఐ బేడీలు విప్పాడు. రజాక్ భార్య వైపు వెళ్లలేదు, తిన్నగా తావుర్యా దగ్గరికి నడిచాడు. కొడతాడేమోనని అందరూ ముందుకు కదిలారు. అతను పక్కన కూర్చుని తావుర్యా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకొక్క మాట చెప్పకపోతివి గదరా! నేనే కోసి జైలుకు పోదును."