పూర్తి చిరునామా

మా ముకుందవలస పోస్టాఫీసంటే మా ఇంటి ముందరి గదే. ఒక బల్ల, చిన్న త్రాసు, తేదీ ముద్ర, సిరా దిండు, బయట గోడకి ఎర్ర డబ్బా. అంతే. బడిపంతుల్ని నేను. ప్రభుత్వం వారు ఈ పని కూడా నాకే అప్పజెప్పారు. పొద్దున్న ఎనిమిదింటికి నేను సంచి కట్టి లక్క సీలు వేసి ఇస్తే, సోములు దాన్ని శృంగవరపుకోటకి మోసుకెళ్ళి, మధ్యాహ్నం మూడింటికి అక్కడి సంచి తెచ్చేవాడు. పోను ఆరు మైళ్ళు, రాను ఆరు మైళ్ళు. అరవై ఏడులో మాట ఇది.

మా ఊరివాళ్ళకి ఉత్తరం రాయడం చేతకాదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. కార్డుకి ఒక పక్కంతా కబుర్లకే ఇచ్చారు, రెండో పక్క ఎడమ సగం కూడా ఇచ్చారు, కుడి సగం ఒక్కటి అడ్రసుకి వదలండిరా అంటే వదలరు. 'మా బావకి అందజేయవలెను, విజయనగరం' అని రాస్తారు. విజయనగరం మొత్తానికి ఈయన బావ ఒక్కడే ఉన్నట్టు! అలాంటివి నేను పంపేవాణ్ణి కాను. డబ్బాలోంచి తీసి, రాసినవాణ్ణి పిలిపించి, పదిమందిలో నిలబెట్టి పైకి చదివేవాణ్ణి. జనం నవ్వేవారు. వాడు తల దించుకుని పోయి మళ్ళీ రాయించుకొచ్చేవాడు. నిజానికి అడ్రసు ఎలా ఉన్నా సంచిలో వెయ్యడమే నా పని, తేల్చుకోవలసింది అవతలి పోస్టాఫీసు. ఆ సంగతి నాకు తెలుసు. ఊరికి తెలీదు.

ఆ భాద్రపదంలో తవిటమ్మ వచ్చింది. ముసలిది. కూతురు చచ్చిపోతే మనవరాలు మరిడిని పెంచుకుంటోంది. అల్లుడు రాముడు విజయనగరం అవతల జూటు మిల్లులో పని. మరిడి, మా అలివేలు ఒకటో తరగతిలో ఒకే చాప మీద కూర్చునేవారు. ఇద్దరికీ ఆరేళ్ళు.

"గుంటకి ఒళ్ళు కాలిపోతన్నాది మేస్టరుబాబూ. దాని అయ్యొస్తే పెద్దాసుపత్రికి ఎత్తుకెల్తాడు. ఈ కార్డు పంపీయండి బాబూ" అంది.

చూశాను. రాత గీత దాటి అడ్రసు సగంలోకి వచ్చేసింది. తిప్పి పంపాను. మర్నాడు ఇంకో కార్డు తెచ్చింది. 'రాముడు, జూటు మిల్లు' అని ఉంది. ఏ రాముడే? ఎవరి కొడుకు? ఏ లైను, ఎన్నో గది? అని కేకలేసి, ఒక కాగితం మీద వరసగా రాసిచ్చాను. పేరు, తండ్రి పేరు, ఇల్లు, గది, వీధి, ఊరు, పోస్టు, తాలూకా, జిల్లా. ఇవన్నీ ఉంటేనే నా గుమ్మం ఎక్కు అన్నాను.

మూడోనాడు అన్నీ రాయించుకుని వచ్చింది. శనివారం. ఎనిమిదీ పది అయింది. సోములు వీధి చివర కనిపిస్తూనే ఉన్నాడు, కేకేస్తే వెనక్కి వచ్చేవాడు. నేను కేకెయ్యలేదు. "సంచి కట్టేశాను. సోమవారం పోతుంది" అన్నాను.

ఆదివారం పొద్దు గూకేసరికి మరిడి పోయింది.

సోమవారం తవిటమ్మ మళ్ళీ వచ్చింది. ఏడవలేదు. "ఇంక కార్డెందుకు బాబూ. ఇచ్చీయండి" అంది. డబ్బాలో పడ్డది తిరిగి ఇవ్వడానికి వీల్లేదన్నాను. అన్నాను, నా నోటితోనే. అది నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"అన్నీ రాస్తే... సేరతాది గదా బాబూ?"

"అన్నీ ఉంటే చేరుతుంది. చేరక చస్తుందా?" అన్నాను.

పదకొండో రోజున తవిటమ్మ కూడా పోయింది. తిండి మానేసిందట. కొండ పక్క బీడు నేలలో, మనవరాలి పక్కనే కప్పెట్టారు. అప్పట్నుంచి నేను వీధిలో నడుస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. ఒకరిద్దరు నేను వెళ్ళాక ఉమ్మేవారు కూడా. ఏడవనీ అనుకున్నాను.

తవిటమ్మని కప్పెట్టిన మర్నాడే సంచిలో మొదటి కార్డు వచ్చింది.

'కుమారి అలివేలుమంగ, ముకుందవలస.' అంతే. వెనక్కి తిప్పితే ఒక్క అక్షరం లేదు. వేరే ఊరి ముద్ర లేదు. మా ఆఫీసు ముద్ర ఒక్కటే ఉంది, సిరా ఇంకా మెరుస్తోంది. ఆ ముద్ర నా బల్ల సొరుగులో, తాళం లోపల, తాళంచెవి నా మొలతాడుకి. కార్డు దగ్గరికి తీసుకుంటే తవ్విన మట్టి వాసన.

ఎవడో వెధవ వేళాకోళం అనుకున్నాను. రెండోనాడు ఇంకొకటి. ఈసారి 'జగన్నాధం మాస్టారి కూతురు' అని చేరింది. మూడోనాడు 'కాపుల వీధి చివర, పోస్టాఫీసు ఇల్లు' అని చేరింది. సోములు చొక్కా పట్టుకుని గుంజాను.

"ఎవరిచ్చార్రా ఇది?"

"నాకేటి తెలుసు బాబూ. సీలు మీరే తీసినారు గదా." వాడు చొక్కా విడిపించుకుని గొంతు తగ్గించాడు. "తవిటమ్మని కప్పెట్టిన కాడ మట్టి కుంగిపోనాదంట. ఊరంతా అదే సెప్పుకుంటన్నారు."

నోర్ముయ్ అన్నాను. కానీ ఆ రోజు నుంచి అలివేలుని వీధిలోకి పోనివ్వలేదు. నాకున్నది అదొక్కతే. పెళ్ళయిన పన్నెండేళ్ళకి పుట్టింది.

నాలుగోనాడు వాన. సముద్రంలో వాయుగుండం అన్నారు. కొండ కనపడలేదు. మధ్యాహ్నం మూడింటికే ఇల్లంతా చీకటైపోయింది. పెంకుల మీద వాన ఒకే హోరు. చూరు నీళ్ళు గుమ్మం ముందు గుంట తవ్వుతున్నాయి. తడిసిన గోనె వాసన, కిరసనాయిలు వాసన. లాంతరు వెలిగించి కూర్చున్నాను. సోములు నిలువునా తడిసి వచ్చి సంచి బల్ల మీద పెట్టాడు. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి. సీలు పగలగొట్టి లోపల చెయ్యి పెట్టాను.

ఒకే ఒక్క కార్డు. పొడిగా ఉంది.

లాంతరు దగ్గరికి పట్టుకున్నాను. అలివేలుమంగ. జగన్నాధం మాస్టారి కూతురు. పోస్టాఫీసు ఇల్లు. ఆ కింద... 'నడిమి గది. దక్షిణం కిటికీ పక్క నవారు మంచం. గోడవైపు తిరిగి పడుకున్న పిల్లకు.'

ఆ గదిలోకి పరాయివాళ్ళెవరూ అడుగు పెట్టింది లేదు. అలివేలు పగటిపూట పడుకునే పిల్ల కాదు. నేను లేచాను. లాంతరు పట్టుకుని నడిమి గదిలోకి వెళ్ళాను. సోములు నా వెనకే వచ్చాడు.

అలివేలు పడుకుని ఉంది. గోడవైపు తిరిగి.

నుదుటి మీద చెయ్యి వేసి తీసేశాను. నిప్పు... మా ఆవిడ సుభద్ర వంటింట్లోంచి వచ్చి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "ఇప్పటిదాకా ఆడుకుందండీ. ఇప్పుడే..." అని ఆపేసింది.

అప్పుడే ముందరి గదికీ నడిమి గదికీ మధ్య తలుపు మూసుకుంది. గాలికే అయ్యుంటుంది.

ఆ తలుపు అవతల... టప్.

మెత్తగా. సిరా దిండు మీద పడ్డట్టు. తర్వాత గట్టిగా, బల్ల మీద. టప్.

పదేళ్ళుగా నేను రోజూ చేసే చప్పుడు. నాకు తెలియనిదా?

"సోములూ... ముద్ర ముట్టుకోకు" అన్నాను.

"నానిక్కడున్నాను బాబూ" అని నా చెవి దగ్గర గుసగుసగా అన్నాడు సోములు.

టప్... టప్.

భయం వేసింది. ఎంత భయమంటే, తలుపు గడియ పెట్టడానికి కూడా చెయ్యి లేవలేదు. తలుపు కింది సందులోంచి ఒక కార్డు జారి వచ్చింది. నెమ్మదిగా. ఎవరో వేలితో నెడుతున్నట్టు. ఆ తర్వాత తలుపుకి నోరు ఆనించి మాట్లాడినట్టు...

"ఈపాలి... సరిగ్గున్నాదా... మేస్టరుబాబూ?"

సుభద్ర పిల్ల చెవులు మూసేసింది. వంగి కార్డు తీశాను. వేళ్ళకి మట్టి అంటుకుంది. పేరు, తండ్రి పేరు, ఇల్లు, గది, మంచం, వీధి, ఊరు, పోస్టు... విశాఖపట్నం జిల్లా. ఇంకోసారి చదివాను. ప్రాణం లేచొచ్చింది.

"తాలూకా..." అన్నాను. "తాలూకా రాయలేదు. ఇది చెల్లదు. రాయించుకు రా."

వాన హోరు. ఇంకేం లేదు. చాలాసేపు... తర్వాత గుమ్మం ముందు నీళ్ళలో అడుగులు. ఒకటి... ఒకటి... దూరమైపోయాయి.

తెల్లారేదాకా ఉండలేదు నేను. కోడి కూతకి ముందే సామాను కట్టించాను. రాజాంలో మా మావగారిల్లు. శృంగవరపుకోటకి బండి, అక్కడినుంచి విజయనగరం బస్సు, మళ్ళీ రాజాం బస్సు. పిల్ల ఒళ్ళు కాలుతూనే ఉంది. బయల్దేరే ముందు ఆఫీసు సోములుకి అప్పజెప్పాలి కదా. ముద్ర, త్రాసు, స్టాంపులు అన్నీ చూపించి, కాగితాల మీద సంతకాలు చేసి, వాడి చేత వేలిముద్ర వేయించుకుని, ఎక్కడికక్కడ సర్దాను. పిల్ల ప్రాణం మీదికి వస్తే ఇవన్నీ ఏమిటని సుభద్ర బండిలోంచి తిట్టింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి, నన్నేం చెయ్యమంటారు?

రాజాం చేరిన మూడోనాటికి జ్వరం దిగింది. అలివేలు చారన్నం అడిగి తింది. మా మావగారు అప్పలనరసింహం గారు డాక్టరు మందు అన్నారు. నేను నవ్వాను. డాక్టరు మందు కాదు, నా రూలే నా పిల్లని కాపాడిందని గర్వంగా చెప్పుకున్నాను. ముసలిదానికి తాలూకా పేరు చెప్పేవాళ్ళు ఆ బీట్లో ఎవరున్నారు అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఐదోనాడు సాయంత్రం బజారునుంచి వస్తున్నాను. ఇంకా దీపాలు పెట్టలేదు. అలివేలు వీధి మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కార్డు.

లాక్కుని చూశాను. మా ముకుందవలస అడ్రసు నీలం పెన్సిలుతో కొట్టేసి ఉంది. దాని పక్కన సోములు వంకర అక్షరాలతో కొత్త అడ్రసు. మా మావగారి పేరు, వీధి, ఊరు, పోస్టు, తాలూకా, జిల్లా. వాడికి సొంతంగా నాలుగు ముక్కలు రాయడం రాదు. చూసి రాయడం ఒక్కటే వచ్చు. ఏది చూసి రాశాడో అప్పుడు గుర్తొచ్చింది.

ఊరు వదిలే ముందు ఆ కాగితాల మధ్య నేనొకటి రాసిచ్చాను. ఊరు మారేవాళ్ళెవరైనా రాసిచ్చేదే. 'నా పేరన, నా భార్య సుభద్ర పేరన, నా కూతురు అలివేలుమంగ పేరన వచ్చే ఉత్తరాలన్నీ ఈ క్రింది చిరునామాకు మళ్ళించవలెను.' పేరు పేరునా రాయాలని రూలు. రాశాను. తాలూకాతో సహా రాశాను. ముసలిదానికి తెలియనిది నా చేత్తో నేనే రాసి, కింద సంతకం చేసి ఇచ్చాను.

కాసేపటికి కార్డు తిప్పి చూశాను. ఎప్పట్లాగే ఖాళీ. కానీ ఒక అంచు గరుగ్గా ఉంది. చేత్తో చింపినట్టు. అది మామూలు కార్డు కాదు, జవాబు కార్డు. రెండు కార్డులు ఒకదానికొకటి అతికి వస్తాయి. ఒకటి మనకి. రెండోదాని మీద పంపినవాళ్ళ అడ్రసు ముందే ఉంటుంది, చింపి జవాబు రాసి పంపాలి.

"రెండో ముక్క ఏదమ్మా?" అన్నాను.

"రాసి ఇచ్చేశాను నాన్నా."

"ఎవరికి? పోస్టుమానుకా?"

"కాదు. తెచ్చిన ముసలమ్మకి."

వీధి అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు.

"దాని మీద ఏ ఊరు రాసుంది?"

"ఒక్క మాటే ఉంది. నాకు ఒత్తులు రావుగా."

"నువ్వేం రాశావు తల్లీ?"

"సరే అని రాశాను."

"దేనికి సరే? అదేమడిగింది నిన్ను?"

అలివేలు నా చేతిలోంచి కార్డు తీసుకుంది. ఖాళీగా ఉన్న పక్కని, పై నుంచి కింది దాకా, కళ్ళు కదుపుతూ చూసుకుంది. "నా పేర వచ్చింది కదా నాన్నా. నీకు చెప్పకూడదు" అంది.

జ్వరం మళ్ళీ రాలేదు. పిల్ల బాగానే ఉంది. అన్నం తింటోంది, ఆడుకుంటోంది. నేను ఉద్యోగానికి రాజీనామా పంపి ఆ ఊరివైపు మళ్ళీ వెళ్ళలేదు. దీపావళి ముందు మా మావగారు మనవరాలికి పట్టు గుడ్డ తెచ్చి దర్జీని ఇంటికి పిలిపించారు. దర్జీ అలివేలుని నిలబెట్టి నడుం దగ్గర్నుంచి పాదం దాకా టేపు పట్టాడు. ఎదిగే పిల్ల కదా, పరికిణీ పొడుగ్గా కుట్టి అంచు దగ్గర మడతలు పెట్టు, ఏడాదికొకటి విప్పుకుంటామని చెప్పింది సుభద్ర.

"ఎన్ని మడతలు పెట్టమంటారమ్మా? నాలుగా, అయిదా?" అన్నాడు దర్జీ.

"ఒక్కటి చాలు" అంది అలివేలు.