ఆప్తవాణి లేని గొంతు

ఆసుపత్రి మూడో అంతస్తులో, చివరి ఘడియల్లో ఉన్న రోగుల దగ్గర పని ముగించుకుని నర్సు సాయిలీల మెడలోని ఆప్తవాణిని తీసి పెట్టెలో పెట్టింది. పొద్దుటి నుంచి ఆ చిన్న బిళ్ల ఆమె గొంతుతోనే, రోగి ఇంటి యాసలో, ఒక గదిలో కడప కోడలిలా, ఇంకో గదిలో కరీంనగర్ చెల్లెలిలా మాట్లాడింది. పోయే ప్రాణం పక్కన కూర్చున్నవాళ్లను ఏ వరస పెట్టి పిలవాలో, ఏ మాట అనకూడదో, తులసినీళ్లు ఎప్పుడు తేవాలో దానికి తెలుసు. ఊపిరి యంత్రం ఆపాలా వద్దా అని తల బాదుకునే కొడుకులు దాని మాటతో కుదుటపడేవారు. అది చివరి ఘడియలకే వస్తుందని జనానికీ తెలుసు. మిగతా అంతస్తుల్లో, ఏ ప్రాంతంవాళ్ల మనసూ నొవ్వకుండా, నర్సులు వార్తలు చదివినట్టు మాట్లాడాలని నియమం. ఎంత గొప్ప తెలివో!

ఆమె రెండో అంతస్తుకు దిగింది. అక్కడ టెక్కలి జగన్నాయకులుకు పేగు మెలిపడింది. మర్నాడు ఆపరేషన్ చేస్తే నిక్షేపంగా బతుకుతాడు. నొప్పికి ఆయన "ఒలమ్మా" అని మూలిగాడు. సాయిలీలదీ ఆ వైపే, పలాస. నియమం మరిచిపోయి సొంత యాసలో నోరు జారింది.

"బయపడకు తాతా. రేపు ఈపాటికి లేసి కూకుంటావు."

ఆయన మూలుగు ఆగిపోయింది. ఆమె మెడకేసి చూశాడు. తర్వాత కూతురు హిమజను పిలిచి, ఇంటికెల్లిపోదుం, నన్ను కొయ్యనివ్వకు అన్నాడు. డాక్టరు వచ్చి స్కాన్లు చూపించాడు, బతిమాలాడు. ఆయన ఒకటే అడిగాడు.

"బతుకుతానంతన్నారు. మరి ఈ గుంట మన మాటెందుకు మాటాడింది?"

సాయిలీల కాలరు విప్పి ఖాళీ మెడ చూపించింది. "ఇది నా సొంత మాటే తాతా. మాది పలాస."

హిమజ ముఖం పాలిపోయింది. "మా అమ్మ పోయిన రోజున మూడో అంతస్తు నర్సూ అదే సెప్పింది. మాదీ మీ పక్కూరే అంది."

ఇక ఎవరు చెప్పినా వాళ్లు వినలేదు. బతకవలసిన జగన్నాయకులు ఇంట్లోనే పోయాడు.

సాయిలీలకు చాలా రోజులు అన్నం సయించలేదు. ఆ కబురు పలాస దాకా పాకింది. మంచాన పడ్డవాళ్లతో ఇంట్లోవాళ్లు కూడా సొంత యాస మాట్లాడటం మానేశారు.

ఆ వానాకాలం సాయిలీల తల్లికి జ్వరం వచ్చింది. ఉత్త జ్వరమే. రక్తపరీక్షలో ఏమీ లేదని తెలిసి, సాయిలీల సంతోషంగా ఫోన్ చేసింది.

"ఏటే అమ్మా, తిన్నావా?"

అవతల కంచం కింద పెట్టిన చప్పుడైంది.

"నిజం సెప్పు లీలా. నాకేటైనాదే?"

సాయిలీల వార్తలు చదివినట్టు, "మీకు ఏమీ కాలేదమ్మా. మీ ఆరోగ్యం సంతృప్తికరంగా ఉంది" అంది.

తల్లి హాయిగా ఊపిరి పీల్చుకుంది.