సంతకం కింద నాలుగు మాటలు

"మూడు మెయిల్స్ పంపేవు, మూడూ ఖాళీయే! ఏటమ్మా హిమజా, ఆలకి పప్పు అమ్మడం ఇష్టం లేదేటి నీకు?"

జగదీశ్వరరావు గారు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పలాసలో ఆయన జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో హిమజ చేరి రెండేళ్లయింది. ఆయన ఇంత నెమ్మదిగా మాట్లాడాడంటే కోపం బాగా ముదిరినట్టే. మదురై నుంచి ఏటా పప్పు కొనే షావుకారు అప్పుడే ఫోన్ చేశాడు. తను అడిగిన ప్రశ్నే తనకు తిరిగొస్తోందట, జవాబు లేదట. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరేచోట కొనుక్కుంటానన్నాడట.

"రాసేనండీ. గుండు పప్పు ఎంత ఉంది, బద్ద ఎంత ఉంది, లారీ ఎప్పుడు బయల్దేరుతాది, అన్నీ రాసేను."

"రాస్తే ఏదీ?"

అదే హిమజకూ అర్థం కాలేదు. నాలుగు రోజుల కిందట టెక్కలి నుంచి ఒకతను వచ్చి కంప్యూటర్లో కొత్త మెయిల్ ప్రోగ్రాం పెట్టి వెళ్లాడు. పేరు బైరాగి. పాపమంతా అతనిదే అని తేల్చుకుని ఫోన్ తీసింది.

"ఏవండీ, ఆవేళ నా ఉద్యోగం ఊడగొట్టడానికి వచ్చేరా మీరు?"

"ఎవరండీ?"

"పలాస జీడిపప్పు ఆఫీసు! మీ ప్రోగ్రాం నా జవాబులన్నీ మింగీసింది. ఇప్పుడే రండి."

గంటలో వచ్చాడు. వానకు నిలువునా తడిసి ఉన్నాడు, చేతిలో హెల్మెట్ నుంచి నీళ్లు కారుతున్నాయి. హిమజ సిద్ధం చేసుకున్న తిట్లలో సగం అతన్ని అలా చూసేసరికి మర్చిపోయింది. మిగతా సగం మాత్రం తిట్టేసింది. అతను అన్నీ విని, కుర్చీ లాక్కుని, ఆమె పంపిన మెయిల్ తెరిచి కిందికి జరుపుతూ పోయాడు. షావుకారు పాత ఉత్తరాలన్నీ దాటాక, అట్టడుగున, ఆమె జవాబు కనిపించింది.

"ఇదిగోండి. ఎక్కడికీ పోలేదు."

"నూతిలో పడ్డట్టు అంత అడుగున ఎందుకుంది?"

"నేనే అలా పెట్టేనండి. ముందు ప్రశ్న, దాని కింద జవాబు. సదివేవాడికి వరసగా ఉంటాదని."

"ఆయన ఫోన్లో సూస్తాడు. ఏలు అరిగిపోయేలా అంత కిందికి ఎవరు దిగుతారండీ?"

అతను మళ్లీ పైనుంచి అట్టడుగు దాకా జరిపి చూశాడు.

"నిజమే" అన్నాడు.

వాదించడానికి నడుం బిగించిన హిమజ తన కుర్చీ కూడా దగ్గరికి లాక్కుంది.

బైరాగి సెట్టింగ్స్ తెరిచాడు. జవాబు పాత ఉత్తరానికి పైన మొదలవ్వాలా, కింద మొదలవ్వాలా అని అడిగే చోట 'పైన' అని పెట్టాడు. ఎలా వెళుతుందో చూద్దామని తనకు తనే ఒక జవాబు పంపుకుంది హిమజ. మాటలు పైనే వచ్చాయి.

"మరి నా పేరేదీ?"

ప్రతి మెయిల్ చివరా దానంతటదే పడే ఆమె పేరు, అంటే సంతకం, ఇంకా అడుగునే ఉండిపోయింది.

"మాటని పైకి తెచ్చి మనిషిని కిందే వదిలీసేను. దానికి వేరే సెట్టింగ్ ఉందండి" అని నవ్వి, దాన్నీ జవాబు పక్కకే, పాత ఉత్తరానికి పైకి తెచ్చాడు.

తర్వాత నేరుగా జగదీశ్వరరావు గారి గదిలోకి వెళ్లాడు. "తప్పు నాదేనండి. ఆవిడ అన్నీ సరిగ్గానే రాసేరు" అన్నాడు. మదురైకి తనే ఫోన్ చేసి వచ్చీరాని ఇంగ్లీషులో క్షమించమని అడిగాడు. ఆ వారమే లారీ కదిలింది.

తప్పు తనదని అంత తేలిగ్గా ఒప్పుకునే మగవాణ్ణి హిమజ అంతకుముందు చూడలేదు.

అది మొదలు ఆఫీసు కంప్యూటర్‌కి జబ్బులు ఎక్కువయ్యాయి. వాటిలో కొన్ని నిజం. అతనిది భావనపాడని, తండ్రి లేడని, తల్లి బొడ్డమ్మ ఎండుచేపలు అమ్మి చదివించిందని ఆమెకు తెలిసింది. ఆమెది జలంత్రకోట అని, తండ్రి కూర్మారావుకు కొబ్బరి, జీడి తోటలున్నాయని అతనికి తెలిసింది. అసలు సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఒక గురువారం పొద్దున్నే హిమజ తల్లి చెప్పింది, ఆదివారం సాయంత్రం సోంపేట నుంచి పెళ్లివారు వస్తున్నారని.

ఆఫీసుకు వచ్చి బైరాగికి కొత్త మెయిల్ మొదలుపెట్టింది. ప్రింటర్ మొరాయిస్తోందని రాసింది. అది నిజమే. తర్వాత సంతకం కిందికి దిగింది. అక్కడ అక్షరాలు లేత బూడిద రంగులో, గుసగుసలాడినట్టు పడుతుంటే ధైర్యం వచ్చింది.

'ఆదివారం నన్ను చూసుకోవడానికి వస్తున్నారు. నాకిష్టం లేదు. ఎందుకో మీకు తెలుసనుకుంటున్నాను. తెలియకపోతే అడగండి.'

కళ్లు మూసుకుని పంపేసింది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. 'శనివారం వచ్చి ప్రింటర్ చూస్తాను.' అంతే. దాని కింద ఆమె ప్రింటర్ గురించి రాసింది ఉంది, ఆ నాలుగు మాటలు లేవు. చదివి, ఏరి పారేశాడనుకుంది. ఇంటికెళ్లి తల్లితో "రమ్మనమ్మా వాళ్లని" అంది.

శనివారం బైరాగి వచ్చేసరికి హిమజ తల ఎత్తలేదు.

"ఒంట్లో బాగులేదాండి?"

"ప్రింటర్‌కి బాగులేదు. అది సూడండి."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్రింటర్ ఏమని చెబుతోందో ఆమె రాసిన మెయిల్లో చూద్దామని, ఆమె కంప్యూటర్లోనే దాన్ని తెరిచాడు. మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది.

"ఇది... నాకు రాసేరా?"

"కాదు, ప్రింటర్‌కి."

"నాకు కనపళ్లేదండి."

"అబద్ధం! మీరే తీసీసేరు. సూసేను."

"నాను తీయలేదు. మీ పేరుకి పైన రెండు గీతలున్నాయి, సూడండి. ఆటి కింద ఏటున్నా సంతకమే అనుకుంటాది ప్రోగ్రాం. జవాబు రాసినప్పుడు కోసి పారేస్తాది. నా ఫోనైతే మూడు సుక్కల ఎనక దాసేస్తాది. సంతకాన్ని ఎవరు విప్పి సూస్తారండీ?"

హిమజకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఇప్పుడు సదివేరు కదా. మరి అడగండి."

"అడగడానికేటుంది, తెలిసిందే కదా. బాగున్న కంప్యూటర్ని బాగుసేయడానికి టెక్కలి నుంచి ఊరికే వత్తన్నానేటి?" అని గొంతు తగ్గించాడు. "గాని మాది సముద్రం ఒడ్డు. మీవి తోటలు. మీ నాన్నగారు..."

"మా నాన్నకి ఈ రాత్రే సెప్తాను. రేపు పొద్దున్న మీ అమ్మని తీసుకుని రండి. సోంపేటోళ్లు నాలుగింటికి వత్తారు."

ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రికి చెప్పింది. కూర్మారావు కంచం పక్కకి జరిపాడు. సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం పొద్దున బొడ్డమ్మ, బైరాగి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కూర్మారావు తన అరచేతులు చూసుకుంటూ అన్నాడు.

"మా పిల్లకి సముద్రం తెలీదమ్మా."

"నాకూ తెలీదు బాబూ" అంది బొడ్డమ్మ. "పుట్టినకాడి నుంచి సూత్తన్నాను, ఇంకా తెలీదు. ఈడి నాన్న సేపల వేటకెల్లి తిరిగి రాలేదు. అందుకే ఈడిని తెప్ప ఎక్కనీలేదు. సాయంత్రమైతే ఒడ్డుకెల్లి ఎదురుసూసే బతుకు మీ పిల్లకుండదు. నాను సెప్పగలిగింది అదొక్కటే."

కూర్మారావు లేచాడు. గోడకున్న కత్తి తీసుకుని తోటలోకి వెళ్లిపోయాడు. బైరాగి తల్లి వంక చూశాడు. గుమ్మంలోంచి హిమజ తోట వైపు చూసింది. మాట చెప్పడం ఇష్టం లేక వెళ్లిపోయాడు నాన్న అనుకుంది.

కాసేపటికి నాలుగు బొండాలతో తిరిగొచ్చాడు. మొదటిది తనే చెక్కి, రెండు చేతులతో బొడ్డమ్మకు అందించాడు.

"తాగు సెల్లెమ్మా. ఎండలో వచ్చేవు."

బొడ్డమ్మ అతని ముఖంలోకి చూసింది. కళ్లు తుడుచుకుంది.

"ఇలాగియ్యి, అన్నయ్యా" అంది.

నాన్నకు చెల్లెలైతే తనకు అత్త. గుమ్మంలో నిలబడ్డ హిమజకు ఆ వరస కలిసేసరికి, లోపల్నుంచి తల్లి గొంతు వినిపించింది. సోంపేటకు ఫోన్ చేసి, రావద్దని మర్యాదగా చెబుతోంది.