హారన్ మోగితే లోపలికి

హారన్ రెండుసార్లు మోగింది. ఆ వెంటనే దొడ్లో ధబ్బుమని చప్పుడైంది.

చెంచులక్ష్మి కూర తాళింపు పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తింది. కుడితి తొట్టి పక్కన, ఎప్పుడూ తడిగా ఉండే రాతి మీద ఆమె ఆడబిడ్డ పిచ్చమ్మ పడి ఉంది. గంజి వారుస్తున్న తపేలా ఒక పక్క, మూత ఒక పక్క! వేడి గంజి చేయి మీదంతా ఒలికి పొగలు కక్కుతోంది. కుడికాలు తొడ దగ్గర వంకరగా మడతపడి ఉంది. అయినా ఆ తల్లి అరవలేదు... ఒక చేత్తో నేల మీద పాకుతూ గడ్డివామి చాటుకు పోవాలని చూస్తోంది!

"వదినా! ఎక్కడికి పోతా ఉండావు? కదలబాకు!"

"కారు బయల్దేరతా ఉండాది గదమ్మా... తమ్ముడు చూస్తాడు... నన్ను ఆ చాటుకు లాగు చెంచూ, నీకు పుణ్యముంటది..."

చెంచులక్ష్మికి కన్నీళ్లు రాలేదు. మంటే వచ్చింది.

అరవై నాలుగో సంవత్సరంలో కొడవలూరు పల్లెల్లో సొంతకారు ఉన్న రైతు జయరామయ్య ఒక్కడే. నాలుగు తలుపుల కారు. ఏళ్ల తరబడి కాచుకొని తెచ్చుకున్నాడు. వచ్చి నాలుగు నెలలైంది. మొదటి నెలంతా ఇంట్లో తిరునాళ్లే. వడ్లు ఆరబోసే వాకిట్లో దానికి తాటాకు పందిరి. పొద్దున్నే బావి నుంచి తోడి కడగడానికి నీళ్లు. మెరిసే రేకులకు చింతపండు రుద్దడం కూడా ఆడవాళ్ల పనే. పందిట్లోకి కోడి వస్తే కర్ర తీసేవాడు. సీట్లకు తెల్లగుడ్డలు కుట్టించాడు, వాటి మీద కూర్చునేవాళ్లు పంచె దులుపుకొని కూర్చోవాలి! ఊళ్లో పెళ్లిళ్లకు పంపేవాడు. సమితి పెద్దలను ఎక్కించుకొని తిరిగేవాడు. "గుంటల్లో పోతా ఉన్నా లోపల తెలీదయ్యా, ఊయల్లో ఉన్నట్టే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ కారు ఎట్లా వచ్చిందో చెప్పడు. దొరవారిసత్రంలో పిచ్చమ్మకు అత్తింటివాళ్లు మనోవర్తికి ఇచ్చిన పొలం ఉండేది. తమ్ముడికి కారు మీద మనసు పడిందని తెలిసి, అడగకుండానే పోయి వేలిముద్ర వేసి అమ్మి వచ్చింది. "నాకెందుకే పొలం? నా పొలం వీడే" అంది. పదహారో ఏట మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. అప్పటికి జయరామయ్య పాలు మరిచిన పిల్లోడు, తల్లి లేదు. ఆమె చంకలోనే పెరిగాడు. పెన్న పొంగి ఊళ్లోకి నీళ్లు వచ్చినప్పుడు, నడుము లోతు నీళ్లలో వాణ్ణి భుజాన ఎక్కించుకొని దాటించింది ఆమే!

అట్లాంటి మనిషి కొత్త కారుకు ఎదురు రాకూడదట!

రెండో నెలలో నెల్లూరు పోతూ దారిలో చక్రానికి మేకు గుచ్చుకుంది. ఇంకోసారి గూడూరు దాకా పోయినా అనుకున్న పని కాలేదు. రెండుసార్లూ బయలుదేరేటప్పుడు అక్క వాకిట్లో ముగ్గుచిప్ప పట్టుకొని ఎదురైందని జయరామయ్యకు జ్ఞాపకం వచ్చింది. నోరు తెరిచి చెప్పలేదు. మొహం ముడుచుకున్నాడు. అది చాలు పిచ్చమ్మకు. తనే నవ్వుతూ అంది, "నిజమే నాయనా, నాకు బుద్ధి లేకపోయె! నువ్వు బయల్దేరేముందు ఒక కూత వేయి, నేను లోపలికి పోతా." ఆ కూత హారనైంది. రెండుసార్లు కొట్టడం, పిచ్చమ్మ చేతిలో పని చేతిలోనే వదిలి దొడ్లోకి పరుగెత్తడం, కారు మలుపు తిరిగాక మళ్లీ రావడం. ఇదీ ఆ ఇంటి రివాజు! నాలుగేళ్ల కూతురు శేషు కూడా నేర్చుకుంది. పీట తిరగేసి కూర్చొని, "పీం... పీం... అత్తా, దాక్కో!" అనేది. పిచ్చమ్మ నవ్వుతూ తలుపు చాటుకు పోయేది. ఆ ఆట చూసిన రోజు చెంచులక్ష్మి అన్నం తినలేదు. "వదిన ఎక్కని కారు నేనూ ఎక్కను" అని మొగుడికి చెప్పేసింది. ఎక్కలేదు కూడా. అయితే అంతకు మించి ఏమీ అనలేకపోయింది. ఎన్నిసార్లు నోరు తెరవబోయినా పిచ్చమ్మే కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఆపేది, "వాణ్ణి ఏమీ అనబాకు తల్లీ..." అని.

ఇప్పుడు ఆ పిచ్చమ్మ కుడితిలో పడి ఉంది.

చెంచులక్ష్మి చేతులైనా కడుక్కోకుండా వాకిట్లోకి వచ్చింది. మనుబోలు పద్మనాభయ్య తన కూతురి పెళ్లికి కారు అడగడానికి వచ్చి, కాఫీ తాగి, కారు చుట్టూ తిరుగుతున్నాడు. జయరామయ్య డ్రైవరు సీట్లో కూర్చొని ఉన్నాడు. ఇంజను ఆడటం లేదు.

"యాడికి బయల్దేరినారు?" అంది.

"యాడికీ లేదే."

"మరి హారన్ ఎందుకు కొట్టినారు?"

"పద్మనాభయ్య గారు ఎట్టా మోగుతుందో వింటామన్నారు. ఊరికే కొట్టినా."

"ఊరికే!" చెంచులక్ష్మి గొంతు పగిలింది. "ఊరికే కొట్టినావా! నీ సరదాకు నీ అక్క కాలు విరిగి కుడితిలో పడుంది! గంజి మీద పడి చేయి కాలిపోయింది! ఇంకా పాకతా ఉండాది, నీ కారుకు కనపడకుండా చాటుకు పోదామని! పో, పోయి చూసిరా నీ శకునాన్ని!"

పెళ్లయినప్పటి నుంచి మొగుణ్ణి 'నువ్వు' అనని మనిషి! జయరామయ్య మొహం తెల్లబోయింది. కారు దిగి దొడ్లోకి పరుగెత్తాడు. అక్కను చూశాడు. "నెల్లూరు... నెల్లూరు ఆస్పత్రికి..." అంటూ మళ్లీ వాకిట్లోకి వచ్చి కారు వెనక తలుపు తీశాడు.

పద్మనాభయ్య పక్కకు పిలిచి గొంతు తగ్గించి అన్నాడు. తగ్గించినా వాకిలంతా వినపడింది. "జయరామయ్యా, తొందరపడబాకు. ఎల్లుండి మా అమ్మాయి పసుపు బట్టలతో ఎక్కాల్సిన బండి. బోడి మనిషిని ముందు ఎక్కిస్తే బాగుంటుందా? ఎవరిదైనా ఎద్దులబండి కట్టించు, మెత్తగా గడ్డి పరిచి పండబెట్టి తీసుకుపోవచ్చు. కారు కుదుపులకు కాలు ఇంకా..."

"ఏమయ్యా పెద్దమనిషీ!" చెంచులక్ష్మి అతని ఎదుటికి వచ్చి నిలబడింది. "ఇందాక తాగినావే కాఫీ, అది ఆ బోడి మనిషి కలిపిందే! బాగుండాదని ఇంకో గ్లాసు అడిగినావు గదా! ముందు అది కక్కి, తర్వాత మాట్లాడు! కారు కుదుపులకు కాలు నొస్తుందంట! ఎద్దులబండి కుదపదా? నీ కూతుర్ని ఎక్కించు ఎద్దులబండి, మెత్తగా గడ్డి పరిచి!"

"ఏందమ్మా ఇది! ఆడకూతురు మాట్లాడే మాటలేనా..."

"ఇన్నాళ్లూ మాట్లాడక పోబట్టే ఇది! ఈ కారు ఆమె పొలం! తెలుసునా నీకు? ఈ నాలుగు చక్రాలూ ఆమె వేలిముద్ర వేసి అమ్ముకున్న నేల!"

పద్మనాభయ్య కండువా దులుపుకొని జయరామయ్య వైపు చూశాడు, మొగుడు ఏమైనా అంటాడేమోనని. జయరామయ్య అతని వైపు చూడకుండా పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పద్మనాభయ్య వాకిలి దాటి పోయాడు.

జయరామయ్య కారును దొడ్డిదారికి తిప్పబోయాడు. దొడ్లో నుంచి ఎక్కించడం సులువు. చెంచులక్ష్మి కారు ముందుకు వచ్చి అడ్డంగా నిలబడింది. నుదుట కుంకుమ చెమటకు కారుతోంది.

"అటు కాదు. ఇంట్లో నుంచి ఎత్తుకొని, ముందు వాకిలి గుండా తీసుకురా. కారుకు ఎదురుగా! ఇన్నాళ్లూ వెనక్కి పరుగెత్తించినావు గదా, ఇప్పుడు ఎదురు తీసుకురా! లేదంటే నా మీద నుంచి తోలుకొని పో!"

దొడ్లో నుంచి పిచ్చమ్మ ఏడుపు గొంతుతో పిలిచింది. "వద్దు చెంచూ... వాడికి మంచిది కాదమ్మా... దొడ్డివైపే మోసుకుపోండి... మొహం మీద కొంగు కప్పండి, ఎవరికీ ఎదురు కాకుండా..."

"కొంగు కప్పితే నేను బతికుండను వదినా!" అని అరిచింది చెంచులక్ష్మి. అప్పుడు వచ్చాయి ఆమెకు కన్నీళ్లు.

జయరామయ్య దొడ్లోకి పోయాడు. పక్కింటివాళ్లను పిలిచి కాలికి పలకలు కట్టించి, అక్క కింద చేతులు వేసి ఎత్తాడు. ఎంత తేలిగ్గా ఉంది! ఒక మూట వడ్లు కూడా ఇంతకంటే బరువే! ఈ ఎముకల మీదనా నేను వరదనీళ్లు దాటింది, అనుకున్నాడు. గడప దాటి, ముగ్గు మీదుగా, కారు ఎదుటి అద్దానికి సూటిగా నడిచి వచ్చాడు. పిచ్చమ్మ రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది. తప్పు చేస్తున్న పిల్లలా!

తెల్లగుడ్డ సీటు మీద పడుకోబెట్టారు. గంజి, కుడితి, మట్టి అంటుకున్నాయి. చెంచులక్ష్మి ఆమె తల ఒడిలో పెట్టుకొని కూర్చుంది. శేషును పక్కింట్లో దించారు. అట్లా ఆ ఇంటి ఆడవాళ్లు ఇద్దరూ మొదటిసారి సొంతకారు ఎక్కారు.

రోడ్డు మీదకు వచ్చాక గడ్డిబండ్లు వరసగా పోతున్నాయి. పెన్న వంతెన దగ్గరికి వచ్చేసరికి దారి మొత్తం మూసుకుపోయింది. పిచ్చమ్మ నొప్పితో సొమ్మసిల్లి ఉంది. జయరామయ్య అలవాటు కొద్దీ హారన్ మీద చేయి వేశాడు. రెండుసార్లు కొట్టాడు.

వెనక సీట్లో పిచ్చమ్మ ఉలిక్కిపడింది. కళ్లు తెరవకుండానే మోచేతి మీద పైకి లేవబోయింది! విరిగిన కాలు కిందికి దించబోయింది!

"పోతా ఉండా నాయనా... లోపలికి పోతా ఉండా... ఒక్క నిమిషం... కనపడనులే..."

"వదినా! వదినా! పడుకో!" చెంచులక్ష్మి రెండు చేతులతో అదిమి పట్టుకొని మొగుడి వైపు చూసింది. "విన్నావా? విన్నావా ఆమె ఏమంటా ఉండాదో!"

జయరామయ్య కారు ఆపేశాడు. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. మీసాలున్న మనిషి, రోడ్డు మీద, గడ్డిబండ్ల వాళ్లు చూస్తుండగా! "అక్కా... నన్ను చంపేయక్కా... ఎంత పని చేసినా..."

"తర్వాత ఏడుద్దువులే," అంది చెంచులక్ష్మి. గొంతులో జాలి లేదు. "ముందు తోలు."

అతను కళ్లు తుడుచుకొని, తల కిటికీలో నుంచి బయటకు పెట్టి, గొంతు చించుకొని అరిచాడు. "తప్పుకోండయ్యో! మా అక్కకు కాలు విరిగింది! దారియ్యండయ్యో!" బండ్లు పక్కకు జరిగాయి. ఆస్పత్రి దాకా అట్లాగే అరుస్తూ పోయాడు. మళ్లీ హారన్ ముట్టుకోలేదు.

పిచ్చమ్మ ఆస్పత్రిలో చాలాకాలం ఉంది. ఎముక అతుక్కుంది కానీ కాలు పొట్టిదైంది. చేతికర్ర లేకుండా నడవలేదు. జయరామయ్య రోజూ పోయి మంచం పక్కన కూర్చొనేవాడు. ఒకరోజు, "నన్ను క్షమించినావా అక్కా?" అన్నాడు. "పిచ్చోడా, నీ మీద నాకు కోపం ఎప్పుడొచ్చింది?" అంది పిచ్చమ్మ. ఆ మాట విని చెంచులక్ష్మికి ఇంకా మండింది. ఆమె పడవలసిన కోపం కూడా తానే పడాలి కాబోలు!

ఇంటికి తెచ్చేముందే జయరామయ్య హారన్ తీగలు తెంపించేశాడు. ఊళ్లో నవ్వారు. "జయరామయ్యది మూగకారు" అన్నారు. బర్రెలు అడ్డమొస్తే తల బయటకు పెట్టి అరుస్తాడు, బడిపిల్లలు అడ్డమొస్తే కారు దిగి చెయ్యి ఊపుతాడు. పిచ్చమ్మే బతిమాలింది, "హారన్ పెట్టించరా, రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే!" అని. అతను వినలేదు. పొద్దున్నే కారులో కూర్చొని ఊరికే ఉంటాడు. పిచ్చమ్మ చేతికర్ర తాటించుకుంటూ గడప దాటి, ముగ్గు తొక్కకుండా చుట్టు తిరిగి, కారు ఎదుటికి వచ్చి నిలబడాలి. ఆమెకు అది చాలా దూరం. ఎంత పనున్నా, ఎంత తొందరున్నా ఆమె వచ్చేదాకా అతను కారు కదిలించడు. మొదట్లో పిచ్చమ్మ వణికేది. "నాకు భయంగా ఉండాది చెంచూ, వాడికేమైనా అయితే..." అనేది. ఇప్పుడు వణకదు. చేయి ఎత్తి "పోయిరా నాయనా" అంటుంది.

చెంచులక్ష్మి మొగుడితో మళ్లీ 'మీరు' అనే మాట్లాడుతోంది. అన్నం పెడుతోంది. అయితే కుడితి తొట్టి పక్క ఆ రాయిని చూసినప్పుడల్లా ఆమె పళ్లు కొరుక్కుంటుంది. ఆ కోపం పోలేదు. పోవాలని ఆమె అనుకోవడమూ లేదు.

ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో ఉండగా నడవలో పీట ఈడ్చిన చప్పుడైంది. శేషు కారు ఆట మొదలుపెట్టింది. చెంచులక్ష్మి గరిటె పట్టుకొని గభాలున లేచింది, ఈసారి దాని వీపు పగలగొట్టాలని.

శేషు పీట మీద కూర్చొని, మెడ పక్కకు చాచి గొంతెత్తి అరుస్తోంది. "తప్పుకోండయ్యో! తప్పుకోండి!" తర్వాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కదలకుండా కూర్చుంది.

"ఏమే, పోదా నీ కారు?" అంది మంచం మీద నుంచి పిచ్చమ్మ.

"నువ్వు ఎదురు రాలేదు గదత్తా! నువ్వొస్తేనే పోయేది. నిదానంగా రా. నాకేం తొందర లేదు."

పిచ్చమ్మ చేతికర్ర కోసం తడుముకుంటోంది. చెంచులక్ష్మి గరిటె కింద పెట్టి, పోయి కర్ర అందించింది.