బొట్టు చెరిగిన మిషన్

"ఏటి బావా, వంజరాలొచ్చాయా?"

"రాలేదు. ఎండు మెత్తళ్లే."

మల్కాపురం టిఫిన్ షాపులో కోడ్ కలిసింది. ఏజెంట్ దుర్గారావు ఎదురుగా కూర్చున్నాడు. అతని చీఫ్ కృష్ణంరాజు ఇడ్లీ నములుతూనే బల్ల కింద నుంచి ఒక లావుపాటి పెన్ను అందించాడు.

"స్నిఫర్. పేలుడు మందు వాసన తగిలితే ఎర్ర లైటు వెలుగుతుంది. కాసేపట్లో రేవు రిపేర్ యార్డులో ఇవాళ్టి పని మొదలవుతుంది. అక్కడి డీజిల్ వెల్డింగ్ సెట్లలో ఒకదాంట్లో విదేశీ ముఠా బాంబు పెట్టింది. ఇంజన్ స్టార్ట్ చేస్తే టైమర్ మొదలు. ఆపైన ఆపడం ఎవరి తరమూ కాదు. పక్కనే గ్యాస్ షిప్పు."

"షిప్పు వెనక మల్కాపురమే కదా సార్!" దుర్గారావు పుట్టిన ఇల్లు ఆ పక్క సందులోనే ఉంది. "పని ఆపేద్దాం."

"ఆపితే పెట్టినవాళ్లు జారుకుంటారు. ఇంకోచోట పెడతారు. మెకానిక్‌లా వెళ్లు. లోపల మన మనిషి ఉంది, సేఫ్టీ ఆఫీసర్ హిమబిందు. తెలుగు పిల్లే, పెరిగింది సింగపూర్‌లో. అన్నీ వెతికాను, ఏమీ లేదంటోంది. నువ్వూ చూడు."

ఖాకీ చొక్కాతో, భుజాన నూనె గుడ్డతో దుర్గారావు యార్డులో అడుగుపెట్టాడు.

ఛీ! ఇవి మిషన్లా, పెంటకుప్పలా? ఒకదాని డీజిల్ ట్యాంకుకి మూత లేదు, పాత లుంగీ ముక్క కుక్కారు. ఇంకోదాని ఫ్యాన్ గార్డు ఊడదీసి దానిమీద టీ గ్లాసులు బోర్లించారు. ఎయిర్ ఫిల్టర్ మీద గుట్కా ఉమ్ము. చీలిన కేబుల్‌కి పాలప్యాకెట్ కవర్లు చుట్టారు. స్నిఫర్ ప్రతి మిషన్ దగ్గరా ఎర్రగా వెలిగింది. ఆ కంపుకి దానికీ మతి పోయింది. దుర్గారావు దాన్ని జేబులో పడేసి, ఒక్కో మిషన్ కవర్ విప్పి చూడసాగాడు.

అతను చూసి వదిలిన మిషన్‌ని వెల్డర్ పైడయ్య స్టార్ట్ చేసి, నడుస్తున్న ఇంజన్‌లోనే డీజిల్ పోస్తున్నాడు. నోట్లో బీడీ!

"ఓ బావా, ఏటి సేత్తన్నావ్? ఇంజనాపి, సల్లారాక పొయ్యాలి!"

"నాను రోజూ ఇలాగే పోత్తన్నాను బావా. ఏటయ్యింది?"

"అయ్యాక అడగడానికి నువ్వుండవు."

బీడీ లాక్కుని ఇసక బకెట్‌లో పారేశాడు. అందులో ఇసక లేదు, ఉమ్మే ఉంది. రోత పుట్టి ముఖం తిప్పుకున్నాడు.

వరస చివర ఒక మిషన్ తళతళలాడుతోంది. ట్యాంకుకి మూత, ఫ్యాన్‌కి గార్డు, కొత్త బెల్టు. సైలెన్సర్‌కి నిప్పురవ్వలు ఆపే జాలీ కూడా ఉంది. హమ్మయ్య, ఈ దిబ్బలో మనిషన్నవాడు ఒకడున్నాడు అనుకున్నాడు దుర్గారావు. ఏ మిషన్ ముట్టుకున్నా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయడం అతని అలవాటు. స్పానర్ పెట్టి నట్టు తిప్పసాగాడు.

"దీన్ని ఎవరు సూత్తారు?"

"సేఫ్టీ మేడమే తుడిసేరు, నిన్న," అన్నాడు పైడయ్య.

అంతలో ఆ మేడమే వచ్చింది. నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కా, హై హీల్స్, డీజిల్ కంపును కూడా నొక్కేసే సెంటు. గేటు దగ్గర ఆమె కారు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది.

"మెకానిక్, చాల్లే. పైడయ్యా, దీన్ని స్టార్ట్ చెయ్యి!"

పైడయ్య తాళం పెట్టాడు. తిప్పలేదు.

"బొట్టేదీ? నాను పెట్టిన బొట్టేదీ?"

దుర్గారావు నట్టు తిప్పుతూనే వరసంతా చూశాడు. అన్ని మిషన్ల మీదా జిడ్డుపైన పొరలు పొరలుగా పసుపు, కుంకుమ. ఈ ఊళ్లో మిషన్ కడిగినా, రంగేసినా బొట్టు చుట్టూ తుడుస్తారు గాని బొట్టు జోలికి పోరు. సింగపూర్ పిల్లకి అదీ ఒక మరకే. కవర్ విప్పి, తన పని చేసుకుని, వేలిముద్రలతో పాటు దాన్నీ తుడిచేసింది!

"బొట్టెట్టకుండా తిప్పను మేడమ్. అమ్మోరు ఊరుకోదు."

"నాన్సెన్స్! తిప్పకపోతే రేపటినుంచి పన్లోకి రాకు!" అంటూ ఆమె అప్పుడే గేటువైపు నడిచింది.

పైడయ్య ముఖం వాడిపోయింది. "తల్లీ, తప్పు కాయి" అని కళ్లు మూసుకుని తాళం తిప్పాడు.

అదే క్షణంలో దుర్గారావు నట్టు వదిలిన వైరుని లాగేశాడు.

చప్పుడు లేదు. చిన్న 'టిక్' కూడా లేదు.

దుర్గారావు కవర్ విప్పాడు. స్టార్టర్ వెనక బూడిదరంగు ముద్ద, దానికి రెండు సన్న వైర్లు. పైడయ్య తాళం లాగేసి వెనక్కి దూకాడు.

కవర్ ఊడడం చూసి హిమబిందు కారువైపు పరుగెత్తింది. హై హీల్స్ డీజిల్ మడుగులో జారాయి. గుట్కా ఉమ్ము మీద బోర్లాపడింది. దుర్గారావు బేడీలు వేసి ముక్కు మూసుకున్నాడు.

"ఈ ఉమ్ము కడిగితే పోతుంది. ఇన్నాళ్లూ మన ఉప్పు తిని ఊరిని తగలెయ్యబోయావే, ఆ రోత ఎలా పోతుంది?" అన్నాడు.

బాంబు స్క్వాడ్ వచ్చి ముద్దని పట్టుకెళ్లింది. కృష్ణంరాజు ఫోన్ చేశాడు.

"ఆల్ క్లియరా?"

దుర్గారావు అటు చూశాడు. పైడయ్య మిషన్‌కి కుంకుమ పెట్టి, కళ్లు తుడుచుకుని, భక్తిగా దండం పెట్టాడు. తర్వాత కొత్త బీడీ ముట్టించి, పక్కన నడుస్తున్న ఇంజన్ మీదికి డీజిల్ డబ్బా ఎత్తాడు.

"ఒక బాంబు దొరికింది సార్," అన్నాడు దుర్గారావు. "మిగతావాటికి సర్వీసింగ్ చెయ్యాలి."