ప్రేమించినా... తర్వాత?

సూళ్లూరుపేట ‘తరంగిణి’ కల్చరల్ రేడియోలో శనివారం సాయంత్రమంటే సంస్కృతికి పండగ. ఐదింటికి వీణ, ఆరింటికి ప్రసంగం, ఏడింటికి నాటకం. వినేవాళ్లు ఎంతమందని మాత్రం ఎవరూ అడగకూడదు.

ఆ సాయంత్రం ప్రసంగం డైరెక్టర్ పద్మనాభయ్య గారిది. అంశం, ‘నెల్లూరు యాసను కాపాడుకుందాం’. ఒక్క నెల్లూరు మాట దొర్లకుండా అరగంటసేపు కాపాడారు. నాటకం స్క్రిప్టులో ఉన్న యాసనైతే పొద్దున్నే ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

నాటకంలో హీరో గిరిబాబు, నెల్లూరు పక్కన వెంకటాచలం ఊరి కుర్రాడు. హీరోయిన్ వినీల, కాకినాడ నుంచి వచ్చిన అనౌన్సర్. ముందురోజు టీ అంగడి దగ్గర, వానకి చూరు కింద నిలబడి, అతను ధైర్యం చేశాడు.

“వినీల గారూ, నేను మిమ్మల్ని ప్రేమించినా.”

వినీల ఎదురుచూసింది. చేతిలో టీ చల్లారిపోయింది.

“ప్రేమించినా? పెళ్లి చేసుకోరా? ఇంట్లో ఒప్పుకోరా? సగం చెప్పి ఊరుకుంటారేంటండీ!”

“సగం కాదండీ, మొత్తం చెప్పినా!”

“మొత్తం చెప్పినా నాకు అర్థం కాదనా?”

గొడుగు విసురుగా తెరిచి వెళ్లిపోయింది. నెల్లూరు వాడికి ‘ప్రేమించినా’ అంటే ప్రేమించానని. కాకినాడ పిల్లకి ప్రేమించినప్పటికీ అని. ఆ ముక్క ఇద్దరికీ తట్టలేదు.

తెల్లారేసరికి విజయవాడకి ట్రాన్స్‌ఫర్ కోరుతూ ఆమె అర్జీ డైరెక్టర్ బల్ల మీద ఉంది. నాటకం అవగానే ఆయన సంతకం పెట్టేస్తారు. ఆ కబురు గిరిబాబు చెవిన కూడా పడింది.

నాటకం లైవ్. చివరి సీను. కాగితం మీద ‘ప్రేమించాను’ అనే ఉంది. ఎదురుగా వినీల. నోరు కాగితం మాట వినలేదు.

“యువరాణీ, నేను నిన్ను ప్రేమించినా!”

వినీల తన డైలాగుల కాగితం పక్కన పెట్టేసింది. స్టూడియో అద్దం అవతల పద్మనాభయ్య గారు చేతులు ఊపేస్తున్నారు.

“ప్రేమించినా... తర్వాత?” అంది మెల్లగా.

“తర్వాత ఏముండాది? అంతే! మా ఊళ్లో ప్రేమించినా అంటే ప్రేమించినట్టే!”

నిన్నటి మాట కూడా పూర్తి మాటేనని వినీలకి అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, సిగ్గేసింది, కాస్త ఏడుపు కూడా వచ్చింది.

తలుపు తోసుకుని డైరెక్టర్ లోపలికొచ్చారు. “ఏందిరా ఇది! నా నాటకమంతా నాశనం చేసినారు గదరా!”

అరగంట ప్రసంగంలో దొరకని నెల్లూరంతా అందులో ఉంది. అది కూడా ప్రసారమైంది.

వినీల మైకు వదల్లేదు. “సార్, ఆ అర్జీ చించేయండి. నేనూ ఈయన్ని ప్రేమించినా.”